పోటీ చేయని స్పీకర్

ప్రశ్న: మా అబ్బాయి ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ స్పీకర్ ఎన్నికల్లో నిలబడకుండానే మళ్లీ సభ్యుడైపోతాడట. నిజమేనా? అలాగైతే ఒకాయనే జీవితాంతం కుర్చీ పట్టుకుని కూర్చోడా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. డాయిల్ అనే అక్కడి దిగువసభ రద్దయ్యేనాటికి స్పీకర్‌గా ఉన్నవారు, ఇక చాలు తప్పుకుంటానంటే తప్ప, వచ్చే సభకు గెలిచినట్టే లెక్క. 1927లో రాజ్యాంగాన్ని సవరించి తెచ్చిన పద్ధతి ఇది. 1937 నాటి కొత్త రాజ్యాంగంలోనూ ఉంచారు. అయితే ఖాయమయ్యేది సభ్యత్వమే. కుర్చీ కావాలంటే కొత్త సభ మళ్లీ ఎన్నుకోవాల్సిందే.

అలా ఎన్నికవుతూ 1932 మార్చి నుంచి 1951 జూన్ దాకా, 19 ఏళ్ల పైచిలుకు కూర్చున్నాయన ఫ్రాంక్ ఫాహీ. అక్కడ ఇంకెవరూ అంతకాలం లేరు. గాల్వే ప్రాంతం మనిషి, బడిపంతులు. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనంలో ఉండి పోరాడి జైలుకెళ్లాడు. అది న్యాయస్థానాల భవనం. ఈయన తర్వాత లాయరు కూడా అయ్యాడు లెండి! 1937 చివర కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చాక, తొలి అధ్యక్షుడు పదవి చేపట్టేదాకా ఓ ఆర్నెల్లు ఆ బాధ్యతలు చూసిన ముగ్గురిలో ఈయనొకడు. మిగతా ఇద్దరూ జడ్జీలు.

ఫాహీ అప్పటి ప్రధాని డి వలేరా పార్టీ వాడు. 1948లో ఆ పార్టీ ఓడి, మిగతావాళ్లంతా కలిసి కాస్టెలోను 75–68 ఓట్లతో ప్రధానిని చేశారు. ఫాహీని మాత్రం కదపలేదు. పెద్దమనసే అనుకోవచ్చు గానీ, నాకు అందులో లెక్క కూడా కనిపిస్తుంది. స్పీకర్ ఓటు వేసేది రెండువైపులా సమానమైనప్పుడే. 147 మంది సభలో ప్రతిపక్షం మనిషిని కుర్చీలో కూర్చోబెడితే వాళ్లకో ఓటు తగ్గినట్టే కదా! 1951లో డి వలేరా బొటాబొటి బలంతో తిరిగొచ్చినప్పుడు స్పీకరైంది ప్రతిపక్షంలోని లేబర్ పార్టీ మనిషి పాట్రిక్ హోగన్. అప్పుడూ అదే లెక్క అయ్యుంటుంది.

సమానమైతే ఆ ఒక్క ఓటు విలువేమిటో వాళ్లకు బాగా తెలుసు. 1927 ఆగస్టులో అవిశ్వాస తీర్మానం మీద ఓట్లు 71–71 అయ్యాయి. ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేస్తాడనుకున్న జింక్స్ అనే సభ్యుడు ఓటింగ్ వేళకు సభలో లేకుండా పోయాడు. అప్పటి స్పీకర్ మైకేల్ హేస్ ఓటుతో కాస్‌గ్రేవ్ ప్రభుత్వం గట్టెక్కింది.

మన నీలం సంజీవరెడ్డిగారు 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. అది ఆయన సొంత నిర్ణయం, మన దగ్గర అలాంటి నియమం లేదు. ఐర్లండ్ పద్ధతిలో స్పీకర్‌కు ఓట్ల టెన్షన్ ఉండదు, నాకు నచ్చేది అదే. కాకపోతే ఆ నియోజకవర్గం జనానికి ఓటేసి దించే అవకాశం లేని సీటు ఒకటి మిగులుతుంది.

ఫాహీ కుర్చీ దిగాక కూడా సభ్యుడిగానే ఉన్నాడు. 1953లో పోయాడు.