కంప్రెసర్ మార్చే ముందు ఇవి చూడండి

పాత పికప్‌లో ఏసీ వేస్తే వేడి గాలే వస్తోంది, ఏసీ క్లచ్ (ఇంజన్ బెల్టుతో కంప్రెసర్‌ను కలిపే భాగం) పట్టడం లేదు, మెకానిక్ కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) మార్చాలంటున్నాడు అని రాశారు. తొందరపడకండి. క్లచ్ పట్టనంత మాత్రాన కంప్రెసర్ పోయినట్టు కాదండీ.

ముందు గ్యాస్ సంగతి తేల్చుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఏసీ లైన్లకు ప్రెషర్ గేజ్ పెట్టండి. గ్యాస్ ఆర్-134ఏ రకం అయితే 30 డిగ్రీల వాతావరణంలో హై, లో ప్రెషర్ రెండు వైపులా దాదాపు 95 పీఎస్ఐ చూపాలి. (అంత చూపినా నిండుగా ఉన్నట్టు కాదు, కొంత ద్రవం మిగిలి ఉందని మాత్రమే.) బాగా తక్కువుంటే గ్యాస్ కారిపోయింది, లో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను కాపాడటానికే క్లచ్‌ను ఆపుతోంది. టార్చి వేసి జాయింట్లు, కండెన్సర్ (రేడియేటర్ ముందుండి గ్యాస్‌ను చల్లార్చే జాలీ) అంచులు చూడండి. గ్యాస్‌తో పాటు ఆయిలూ బయటికొస్తుంది కాబట్టి దుమ్ము పట్టి నల్లగా, జిడ్డుగా ఉన్న చోటును ముందు అనుమానించండి.

ప్రెషర్ ఉంటే ఇంజన్, ఏసీ ఆన్ చేసి క్లచ్ కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టండి. వోల్టేజ్ లేకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్ చూడాలి. 12 వోల్టులకు పైగా వస్తున్నా పట్టకపోతే కాయిల్ (క్లచ్ ప్లేటును లాగే విద్యుదయస్కాంతం) పోయి ఉండొచ్చు, లేదా ప్లేటు అరిగి దానికీ పుల్లీకీ మధ్య సందు పెరిగి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు పట్టి, వేడెక్కాక వదిలేస్తుంటే నా అనుమానం సందు మీదే. చాలా కంప్రెసర్లలో ఒక షిమ్ (సందును సర్దే పలుచటి రింగు) తీస్తే సరిపోతుంది.

బండి 1994కు ముందుదైతే అందులో ఆర్-12 అనే పాత రకం గ్యాస్ ఉండొచ్చు. దానిలో ఆర్-134ఏ మాత్రం కలపనివ్వకండి.