మెరీనా వాళ్ళు అడిగే ఇన్సూరెన్స్, మీకు కావలసిన ఇన్సూరెన్స్

"పడవ కొన్నాం, మెరీనాలో స్లిప్ కూడా దొరికింది. కానీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తెస్తే గానీ గేటు కోడ్ ఇవ్వమంటున్నారు. ఇది చట్టమా, లేక వీళ్ళు పెట్టుకున్న నియమమా?" అమెరికాలో కాస్త స్థిరపడి, నీళ్ళ పక్కన వారాంతాలు గడపాలని ముచ్చటపడే మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. మెరీనా అంటే పడవలు కట్టేసుకునే రేవు, స్లిప్ అంటే అందులో ఒక పడవకు అద్దెకిచ్చే చోటు.

కారుకు ఉన్నట్టు పడవకు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసిన రాష్ట్రాలు ఇక్కడ చాలా తక్కువ. ఆర్కన్సాలో 50 హార్స్‌పవర్ దాటిన మోటారు పడవలకు ఉండాలి. యూటాలో కూడా, కొన్ని మినహాయింపులు పోను, మోటారు పడవలకు ఉండాలి. ఎక్కువ రాష్ట్రాల్లో అడిగేది చట్టం కాదు, మెరీనా. పడవ మీద లోన్ ఉంటే బ్యాంకు కూడా అడుగుతుంది. కాబట్టి మీరు సంతకం పెట్టే స్లిప్ అగ్రిమెంటులో ఏముందన్నదే అసలు సంగతి. పాలసీ కొనకముందే దాన్ని తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదవండి.

అందులో సాధారణంగా 3 లక్షల డాలర్ల లయబిలిటీ అడుగుతారు, కొన్నిచోట్ల 5 లక్షలు, ఖరీదైన పడవలు ఉండే పెద్ద మెరీనాల్లో 10 లక్షలు. మీ పడవ పక్క పడవను గుద్దినా, పడవలు కట్టేసే డాక్ విరిగినా, ఎవరికైనా దెబ్బ తగిలినా వాళ్ళకు చెల్లించే డబ్బు ఇది. మీ పడవకు ఏమైనా అయితే ఇందులోంచి పైసా రాదు. అంటే మెరీనా తనను తాను కాపాడుకోవడానికి అడుగుతోంది. అందులో తప్పేం లేదు. కానీ వాళ్ళు అడిగిన కాగితం ఇచ్చేశాం కదా, ఇక మనకు భయం లేదని చాలామంది అనుకుంటారు. నాకు బెంగంతా అక్కడే.

పడవలు ప్రయాణంలో కంటే కట్టేసిన చోటే ఎక్కువగా మునుగుతాయి. ఎలా మునుగుతాయో మా డాక్‌లోనే చూశాను. నీటి మట్టానికి దిగువన ఉన్న రబ్బరు గొట్టానికి ఒక చిన్న స్టీలు క్లాంప్ ఉంటుంది. అది తుప్పు పట్టి తెగింది. లోపలికి సన్నగా నీళ్ళు. బిల్జ్ పంపు పనిచేసినంతసేపు తోడింది, బ్యాటరీ అయిపోయాక ఆగిపోయింది. శుక్రవారం నిక్షేపంలా ఉన్న పడవ సోమవారం పొద్దుటికి పైన రెయిలింగు మాత్రమే కనిపిస్తూ, చుట్టూ నీళ్ళ మీద రంగురంగుల ఇంధనపు తెట్టుతో ఉంది. పక్కవాళ్ళకు ఏ నష్టమూ జరగలేదు. ఖర్చు మాత్రం అప్పుడే మొదలైంది. డైవర్లు, పైకి లేపే క్రేను, ఇంధనం చుట్టూ వేసే తేలే అడ్డుకట్ట, శుభ్రం చేసే మనుషులు.

ఇవన్నీ పడవ యజమాని నెత్తినే పడతాయి. ఓడలు, పడవలు తిరిగే నీళ్ళలో పడవ మునిగితే వెంటనే గుర్తు పెట్టి, తొలగించే పని మొదలుపెట్టాలని 1899 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. ఇంధనం కారితే శుభ్రం చేసే ఖర్చు బాధ్యుడిదేనని 1990లో వచ్చిన చమురు కాలుష్య చట్టం చెబుతుంది. అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ ప్రమాదం తర్వాత తెచ్చిన చట్టమది, కానీ చిన్న పడవల యజమానులను వదిలిపెట్టలేదు.

అందుకే ఏజెంటును ఈ ప్రశ్నలు అడగండి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. మునిగిన పడవను తొలగించే ఖర్చు పాలసీలో ఉందా? ఉంటే, పడవ విలువలోంచి కోస్తారా, వేరే మొత్తమా? విలువలోంచి కోసే పాలసీ అయితే పైకి తీసిన ఖర్చు పోను మీ చేతికి వచ్చేది కొంచెమే. ఇంధనం కారితే ఎంత వరకు ఇస్తారు? ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: అరుగుదల, తుప్పు వల్ల వచ్చిన నష్టానికి దాదాపు ఏ పాలసీ డబ్బివ్వదు. అలాంటప్పుడు తుప్పు పట్టిన క్లాంప్ వల్ల పడవంతా మునిగితే ఏమిటి? క్లాంపు సరే, దాని పర్యవసానంగా జరిగిన నష్టానికి ఇస్తారా? కొన్ని పాలసీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ప్రీమియంలో తేడా చూసేముందు ఈ తేడా చూడండి.

పడవ విలువను ముందే ఒప్పుకుని రాసే పాలసీ ఒక రకం, పాతబడిన కొద్దీ విలువ తగ్గించి లెక్కగట్టేది ఇంకో రకం. స్తోమత ఉంటే మొదటిదే తీసుకోండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో పడవ కూడా వస్తుందని ఎవరైనా చెబితే నమ్ముకుని కూర్చోవద్దు. అది చిన్న ఇంజిన్లకు, చిన్న మొత్తాలకు ఉద్దేశించినది.

ఇక కాగితాల సంగతి. మెరీనాను 'అడిషనల్ ఇన్స్యూర్డ్'గా చేర్చమంటే ఊరికే 'సర్టిఫికెట్ హోల్డర్' అని రాయించి ఇస్తే సరిపోదు. రెండోది మీకు పాలసీ ఉందని చెప్పే కాగితం మాత్రమే, మొదటిది మీ పాలసీ రక్షణలో వాళ్ళకూ చోటిస్తుంది. పేరు కూడా బోర్డు మీద ఉన్నది కాదు, అగ్రిమెంటులో ఉన్న కంపెనీ పేరు అక్షరం పొల్లుపోకుండా రాయించండి. మెరీనా నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగినా వాళ్ళను ఏమీ అడగనని మీ చేత రాయించుకునే పేరా ఉంటే, సంతకానికి ముందే ఏజెంటుకు పంపండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఆ హక్కు వదులుకుంటే రేపు క్లెయిమ్‌కే ఇబ్బంది రావచ్చు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ప్రీమియం ఎక్కువ చెబుతున్నారంటే ఆశ్చర్యం లేదు. పడవ నడిపిన అనుభవం ఎన్నేళ్ళు, ఇక్కడి డ్రైవింగ్ రికార్డు ఎలా ఉంది అని చూస్తారు. బోటింగ్ సేఫ్టీ కోర్సు చేయండి. చాలా కంపెనీలు తగ్గింపు ఇస్తాయి, అంతకన్నా ముఖ్యం, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళకు అది తెలిసి ఉండాలి. పాత పడవైతే సర్వే, అంటే నిపుణుడు పడవను పరీక్షించి రాసిచ్చే రిపోర్టు, అడుగుతారు. సర్వేయర్ రాసిన లోపాలు సరిచేసి రశీదులు దాచుకోండి, చేయకుండా వదిలేస్తే క్లెయిమ్ సమయంలో ఆ రిపోర్టే మీకు ఎదురు తిరుగుతుంది. డాక్ నుంచి కరెంటు తెచ్చే 30 ఆంపియర్ల కేబుల్ పిన్నుల దగ్గర గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఆ రోజే మార్చండి. అలాంటి చోటే నిప్పు పుడుతుంది.

తీర ప్రాంతాల్లో ఉండేవాళ్ళు తుఫాను షరతులు విడిగా చదవాలి. అట్లాంటిక్ తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. పేరు పెట్టిన తుఫానుకు డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరే భరించే భాగం, తరచూ శాతంలో ఉంటుంది. 60,000 డాలర్ల పడవకు 10 శాతమంటే 6,000 మీ జేబులోంచే. తుఫాను వస్తే పడవ ఎక్కడికి తీసుకెళతారో ప్లాను రాసివ్వమంటారు. అది ఉత్తుత్తి కాగితం కాదు, అందులో రాసినట్టు చేయకపోతే క్లెయిమ్ దగ్గర నిలదీస్తారు. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం పడవ వాడనన్న షరతుతో తక్కువ ప్రీమియం ఇస్తారు. ఆ నెలల్లో ఒక ఎండ రోజు చూసి బయటికి తీస్తే ఆ రోజుకు కవరేజీ ఉండదు.

స్నేహితులు ఇష్టపూర్వకంగా పెట్రోలు ఖర్చు పంచుకుంటే ఫర్వాలేదు. డబ్బు తీసుకుని తిప్పడం, ఆప్‌లో అద్దెకు పెట్టడం మాత్రం వ్యాపారం కిందికి వస్తుంది. మామూలు పాలసీ దానికి వర్తించదు, ప్రయాణికులను డబ్బుకు ఎక్కించుకుంటే కోస్ట్ గార్డ్ లైసెన్సు కావాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఆ ఆలోచన చేసేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.