పాఠకుల ప్రశ్నలు: చింతపండు తగలకూడని గుల్లలు

ప్రశ్న: తమిళనాడులోని అరియలూరులో మా అక్కావాళ్లకు పొలం ఉంది. అక్కడ వానలకు కోసుకుపోయిన గట్టులో దొరికిన ఏడెనిమిది శిలాజాలను మా బావగారు నాకు ఇచ్చారు. కొన్ని నొక్కిన లడ్డూల్లా గుండ్రంగా ఉండి, పైన ఐదు రేకుల పువ్వు గుర్తు కనిపిస్తోంది, కొన్ని నత్తగుల్లలు. అన్నింటికీ పసుపుపచ్చటి మట్టి గట్టిగా పట్టి ఉంది. ఇత్తడి సామాను తోమినట్టు ఒకదాన్ని చింతపండుతో తోమితే నురుగు వచ్చి మట్టి పోయింది గానీ, పువ్వు చుట్టూ ఉన్న సన్నటి చుక్కలు కూడా అరిగిపోయాయి. మిగిలినవాటిని ఎలా శుభ్రం చేయాలి? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మట్టిలోని సున్నంతో పాటు శిలాజం కూడా కరుగుతూ వదిలిన బొగ్గుపులుసు వాయువే మీరు చూసిన ఆ నురుగు. మీ దగ్గరున్న లడ్డూలాంటి రాయి సీ అర్చిన్ అనే సముద్రజీవి పెంకు. ఆ పెంకు కాల్సైట్ అనే సున్నపు ఖనిజంతో తయారవుతుంది కాబట్టి చింతపండు, నిమ్మరసం, వెనిగర్, స్నానాల గది కడిగే ఆమ్లం, వీటిలో ఏది తగిలినా ముందుగా పోయేది పైనున్న సన్నటి పనితనమే. ఆ చుక్కల్లాంటి బుడిపెలు ఒక్కొక్కటీ ఒక ముల్లు అమరి ఉండిన చోటు. జీవి చచ్చిపోగానే ముళ్లు రాలిపోతాయి కనుక, అది ముళ్ల జీవి అని చెప్పడానికి మీ చేతిలో మిగిలిన సాక్ష్యం ఆ బుడిపెలే. పువ్వు రేకుల అంచుల వెంట జంటలు జంటలుగా కనిపించే సూదిమొన రంధ్రాల గుండా దాని మెత్తటి గొట్టపు పాదాలు బయటికి వచ్చేవి. అరిగిన చుక్కలు తిరిగి రావు. ఆ ఒక్కదాన్ని మంచినీళ్లలో రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ నానబెట్టి పులుపు పూర్తిగా పోగొట్టి, నీడలో ఆరబెట్టండి.

మిగిలినవాటి విషయంలో, ముందుగా శిలాజాన్ని తాకకుండా దానికి అంటిన మట్టిలోంచి ఒక చిన్న పెళ్లను మాత్రమే తీసి గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. కాసేపట్లో అది బురదగా విడిపోతే, పగుళ్లు లేని శిలాజాలను నీళ్లలో నానబెట్టి, మెత్తటి పళ్ల బ్రష్షుతో, అవసరమైతే ఒక చుక్క సబ్బునీళ్లతో నెమ్మదిగా కడగవచ్చు. పగుళ్లున్నదాన్ని మాత్రం నానబెట్టవద్దు. పగుళ్లలోని బంకమన్ను నీళ్లు పీల్చి ఉబ్బితే పెంకు పలకలుగా విడిపోతుంది. నీళ్లకు కరగని మట్టిని పొడిగానే తీయాలి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో కాల్సైట్ కాఠిన్యం 3 మాత్రమే, ఉక్కు సూదిది 5కు పైనే. అందుకే పైనున్న మందపాటి పొరను సూదితో తీసినా, పెంకుకు దగ్గరపడిన తర్వాత సూదిని పక్కన పెట్టి, ఊదుబత్తి కాలిపోయాక మిగిలే వెదురుపుల్లను చెక్కుకుని వాడడం నాకు ఎప్పుడూ మేలనిపించింది. ఇనుప తీగల బ్రష్షు అసలు వద్దు. టేబుల్ దీపాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టుకుంటే, బుడిపెలు తమ నీడలతో సహా లేచి కనిపిస్తాయి. పై నుంచి పడే వెలుతురులో మట్టి గింజకూ బుడిపెకూ తేడా తెలియక చాలామంది పోగొట్టుకుంటారు. ఒక సాయంత్రానికి ఒక రేకు తేలితే చాలు.

విరిగిన ముక్కలను అతికించడానికి మ్యూజియంలలో వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురును అసిటోన్‌లో కరిగించి వాడండి; పొరపాటున వంకరగా అతికినా, అదే అసిటోన్‌తో మళ్లీ విప్పవచ్చు. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి పని చేయండి. మెరుపు కోసం వార్నిష్ పూయవద్దు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి శిలాజానికీ ఒక అంకె వేసి, అది ఏ ఊళ్లో, గట్టులో ఏ పొర నుంచి, ఏ రోజున దొరికిందో బావగారిని అడిగి ఈ వారమే రాసిపెట్టండి. అరియలూరు ప్రాంతపు సీ అర్చిన్లను ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే శిలాజ శాస్త్రవేత్త 1873లోనే వర్ణించారు. ఏ పొరలో ఏది దొరికిందన్న వివరం ఉండడం వల్లనే అలాంటి పాత వర్ణనలు ఇప్పటికీ పనికొస్తున్నాయి. చోటు తెలియని శిలాజం ఎంత అందంగా ఉన్నా దాని కథ సగం పోయినట్టే.

ప్రశ్న: రాజమహేంద్రవరం దగ్గర పంగిడి నుంచి ఒక మిత్రుడు తెచ్చిచ్చిన మరలాంటి పొడవాటి నత్త శిలాజానికి గుల్ల లేదు, చుట్ల మధ్య లోతైన సందు ఉంది. నేను శుభ్రం చేసేటప్పుడు గుల్ల ఊడిపోయిందా? ఇది సాలగ్రామం జాతిదేనా? – ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మీ తప్పేమీ లేదు. నత్తగుల్లలో ఎక్కువ భాగం ఆరగోనైట్ అనే మరో సున్నపు ఖనిజం. అది కాల్సైట్ కన్నా సులువుగా భూగర్భజలాల్లో కరిగిపోతుంది. గుల్ల లోపల చేరిన మట్టి అప్పటికే గట్టిపడి ఉంటే, గుల్ల పోయినా దాని లోపలి ఆకారం రాయిగా మిగులుతుంది. లోహ విగ్రహాలు పోతపోసేవారు మైనాన్ని కరిగించేశాక మట్టిమూసలో ఖాళీ మిగలడాన్ని మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఆ కరిగిన మైనం స్థానంలో ఉన్నది గుల్ల. చుట్ల మధ్య మీకు కనిపించే సందు, ఒకప్పుడు గుల్ల ఉండిన మందమే. పంగిడి దగ్గర దక్కన్ లావా రాయికి అడుగున ఉన్న సున్నపురాతి పొరల్లో టరిటెల్లా అనే ఇలాంటి మర ఆకారపు నత్తలు బాగా దొరుకుతాయి. ఆ పొరల వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు.

నత్త బయటపడిన రాతిపెళ్ల ఇంకా మీ మిత్రుడి దగ్గర ఉంటే పారేయవద్దని వెంటనే చెప్పండి. గుల్ల పైభాగంలోని గీతలు, గాడులు ఆ పెళ్ల గుంటలోనే అచ్చుపడి ఉంటాయి. గుంటలో సిలికాన్ రబ్బరు నింపి తీస్తే, అసలు గుల్ల పైకి ఎలా ఉండేదో మీ పిల్లలకు చూపించవచ్చు.

గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చుట్టలు కనిపించేవి అమ్మోనైట్ శిలాజాలు. అవి నత్తలు కావు. స్క్విడ్‌కూ ఆక్టోపస్‌కూ బంధువులు. అమ్మోనైట్ చుట్టలు సాధారణంగా చాపచుట్టలా ఒకే తలంలో ఉండి, లోపల అడ్డుగోడలతో గదులుగా విడిపోయి ఉంటాయి. మీ నత్త మరలా పైకి మెలితిరిగింది, లోపల గదులు లేవు.

ప్రశ్న: అలిపిరి మెట్లదారిలో, శిలాతోరణం దగ్గర వెతికితే ఇలాంటి గుల్లలు దొరుకుతాయా? – ఒక ఇంటర్ విద్యార్థి, తిరుపతి

జవాబు: దొరకవు. తిరుమల కొండల క్వార్ట్‌జైట్ రాయి 150 కోట్ల సంవత్సరాలకు పైబడినది. గుల్లలున్న జంతువులు భూమ్మీద కనిపించింది సుమారు 54 కోట్ల సంవత్సరాల కిందట, సీ అర్చిన్లు వచ్చింది సుమారు 45 కోట్ల సంవత్సరాల కిందట. పైగా శిలాతోరణం జాతీయ భూవైజ్ఞానిక స్మారకం కనుక అక్కడ సుత్తి ఎత్తకూడదు. అయితే ఆ రాయి కూడా ఒకప్పటి నీటి అడుగు ఇసుకే. కొండ రాతి పలకల మీద, ఇసుకలో అలలు వేసిన సన్నటి వరుస ముడతలు రాయిగా మారి కనిపిస్తాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లి, ఒక రూపాయి బిళ్లను కొలతగా పక్కన పెట్టి ఫొటో తీసుకో నాయనా.