తహసీల్దారు ఉత్తర్వు మీద నేరుగా హైకోర్టుకు వెళ్లొచ్చా?

సిరొంచ తాలూకాలో మీ నాన్నగారి పొలం ఫేర్‌ఫార్‌లో (భూమి రికార్డులో పేరు మార్పులు నమోదు చేసే రిజిస్టరు) అమ్మగారి పేరు ఎక్కించకుండా తహసీల్దారు ఉత్తర్వు ఇచ్చారు, బాంబే హైకోర్టు నాగపూర్ బెంచిలో రిట్ పిటిషన్ వేయొచ్చా అని అడిగారు. మాదీ గడ్చిరోలి జిల్లాయే. మా పెద్దమ్మ కోసం ఇదే పని మీద తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడే హైకోర్టు వద్దండీ. కింద అప్పీలుకు దారి ఉండగా పైకి వెళ్తే, ముందు అక్కడ తేల్చుకుని రమ్మనే అంటారు. మీ మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చారనో, ఆ అధికారికి ఆ అధికారమే లేదనో చూపగలిగితే వేరే సంగతి.

1966 నాటి మహారాష్ట్ర భూ రెవెన్యూ చట్టం ప్రకారం మీరు ప్రాంత్ ఆఫీసులో, అంటే ఎస్‌డీఓ (సబ్ డివిజనల్ ఆఫీసర్) దగ్గర అప్పీలు వేయాలి. గడువు 60 రోజులు. ఉత్తర్వు చేతికి అందిన రోజు నుంచి లెక్క, నకలు కోసం పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. నకలుకు ఈరోజే దరఖాస్తు పెట్టండి. తీసుకునేటప్పుడు దాని మీది ముద్ర చూడండి. దరఖాస్తు ఇచ్చిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, మీకు ఇచ్చిన తేదీ చేత్తో రాస్తారు. పెద్దమ్మ నకల్లో మధ్య తేదీ ఖాళీగా ఉంటే కౌంటర్ దగ్గరే నిలబడి రాయించాను. తర్వాత అవతలి వకీలు గడువు దాటిందని వాదించినప్పుడు ఆ ముద్రే చూపించాం.

అప్పీలు వేయగానే ఉత్తర్వు ఆగిపోదు. ఈలోగా సాత్‌బారా (పొలం ఎవరి పేరున ఉందో చూపే 7/12 పత్రం) చూపించి ఎవరైనా పొలం అమ్మేస్తే ఇంకో తలనొప్పి. అప్పీలుతో పాటే స్టే అర్జీ కూడా పెట్టండి, విడిగా.

ఉత్తర్వు మరాఠీలో ఉంటుంది. బజారులో మాట్లాడే మరాఠీతో అది అర్థం కాదు. వకీలును పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి పేరా తెలుగులో చెప్పించుకోండి. పేరు ఎందుకు ఎక్కించలేదో రాసిన పేరానే మీ అప్పీలుకు ప్రాణం.

ఒకవేళ అన్నదమ్ములు అమ్మగారికి అసలు వాటానే లేదంటుంటే, ఫేర్‌ఫార్‌తో హక్కు తేలదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి.

వకీలు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మగారి పేరు మీదే తాలూకా న్యాయసేవా సమితిలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి.