కన్నబిరాన్ గారి మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

రాయగడ

అమ్మా,

పౌరహక్కుల వకీలు కె.జి.కన్నబిరాన్ గారి మీద నీ వ్యాసం అందింది. గుణుపురంలో ఉంటూ, ఒడియా బడిలో చదువుకుని, ఇంత శుభ్రమైన తెలుగు రాస్తున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. వ్యాసం మాత్రం మళ్ళీ రాయాలి.

మొదటి పేజీలోనే మహనీయుడు, ధీశాలి, పేదల పెన్నిధి అన్న మాటలు వరసగా వచ్చాయి. కన్నబిరాన్ గారి పేరు తీసేసి ఇంకో పెద్దమనిషి పేరు పెట్టినా ఆ పేజీ చెల్లిపోతుంది. పోయిన మనిషిని గౌరవించడం అంటే ఆయన ఏం పని చేశాడో చదివేవాళ్ళకి తెలిసేలా చెప్పడమే అని నేను నమ్ముతాను. వకీలు పని గురించి తెలియాలంటే ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడో చూడాలి. అందుకని ముద్దాయిలతో మొదలుపెట్టు.

నువ్వు కూడా రాసే మనిషివి కాబట్టి సికింద్రాబాద్ కుట్ర కేసు తీసుకో. 1974లో పెట్టిన ఆ కేసులో వరవరరావు, చెరబండరాజు, కె.వి.రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, ఎం.టి.ఖాన్ లాంటి రచయితలు ముద్దాయిలు. వాళ్ళ కవితలు, ప్రసంగాలు జనాన్ని తిరుగుబాటుకి రెచ్చగొట్టాయని అభియోగం. కుట్ర కేసు ఎలా నడుస్తుందో పాఠకుడికి రెండు వాక్యాల్లో చెప్పు. 2024 దాకా అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్‌లో అది 120-బి సెక్షన్. నలుగురు కలిసి ఒక నేరం చెయ్యాలని అనుకున్నారని నమ్మడానికి ఆధారం ఉందంటే చాలు, ఆ పని కోసం ఒకడు అన్న మాట, చేసిన పని మిగతా ముగ్గురి మీదా సాక్ష్యం అవుతుంది. అప్పటి ఎవిడెన్స్ యాక్ట్ పదో సెక్షన్ ఇచ్చిన సౌకర్యం అది. కవిత రాసినవాడినీ తుపాకీ పట్టినవాడినీ ఒకే ఛార్జిషీటులోకి తేవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. కవితకీ నేరానికీ మధ్య ముడి ఎక్కడుందో చూపించమని అడగడమే డిఫెన్స్ వకీలు పని. ఆ కేసు 1989లో కొట్టేశారు. పదిహేనేళ్లు! చెరబండరాజు 1982లోనే మెదడులో కణితితో పోయాడు, తీర్పు వినడానికి లేడు. నువ్వు రాయాల్సింది ఆ పదిహేనేళ్లు. వాయిదాకి వెళ్ళడం, జడ్జి లేడని తిరిగి రావడం, ఉద్యోగానికి సెలవు పెట్టుకోవడం, ఇంట్లోవాళ్ళ టెన్షన్. అంతకాలం ఫీజు సంగతి పక్కన పెట్టి ఒక వకీలు ఆ కాగితాల కట్ట మోశాడంటే, దాని పక్కన ఏ విశేషణమూ అక్కర్లేదు.

మనకి ఇంకా దగ్గరది పార్వతీపురం కుట్ర కేసు. అందులోనూ ఆయన ముద్దాయిల తరఫున నిలబడ్డారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం అణిచేశాక పెట్టిన కేసు అది. ఆ పోరాటానికి ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దు అడ్డం రాలేదు. మీ గుణుపురంలోనే వకీలుగా చేసి, ఆ పోరాటంలోకి వెళ్ళిన నాగభూషణ్ పట్నాయక్‌కి ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనన్నాడు. తర్వాత అది యావజ్జీవంగా మారింది. ఆయన్ని చూసినవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటారు. వెళ్ళి అడుగు. కాగితాలు వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకో. అప్పటి రికార్డుల్లో గుణుపురం కొరాపుట్ జిల్లా కింద ఉంటుంది, రాయగడ జిల్లా 1992లో వచ్చింది. పార్వతీపురం శ్రీకాకుళం జిల్లా కింద ఉంటుంది, 1979లో పుట్టిన విజయనగరం జిల్లాలోకి వెళ్ళి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఇప్పటి జిల్లా పేర్లతో వెతికితే ఏమీ దొరకదు.

ఎన్‌కౌంటర్ల గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. ఆయన జీవితంలో బరువంతా అక్కడే ఉంది. ఎమర్జెన్సీ పోయాక 1977లో ఎన్‌కౌంటర్ల నిజానిజాలు తేల్చడానికి జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే కమిటీలో ఆయన పని చేశారు. 1975లో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎలా చనిపోయారో ఆ కమిటీ తేల్చడానికి పూనుకుంది. తర్వాత ప్రభుత్వం వేసిన భార్గవ విచారణ కమిషన్ ముందు పోలీసు సాక్షుల్ని ఆయన క్రాస్ ఎగ్జామిన్ చేశారు. విచారణ బహిరంగంగా వద్దు, తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టాక, కమిటీ తరఫువాళ్ళు బయటికి వచ్చేశారు. కమిషన్ పని పూర్తికాకుండానే ఆగిపోయింది. ఓడిపోయిన పని కదా అని దాన్ని చిన్నది చెయ్యకు. ఎన్‌కౌంటర్ జరిగితే చచ్చిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెట్టి, నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తున్నాం అని రాసేవాళ్ళు. చంపినవాళ్ళ మీద కేసు నమోదు చెయ్యాలి, ఆత్మరక్షణ కోసమే చంపారా లేదా అన్నది కోర్టు చెప్పాలి. పౌరహక్కుల సంఘం వదలకుండా అడిగింది ఇంతే. 1978 నుంచి 1994 దాకా ఆ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ విషయమై అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకీ ఉత్తరం రాసింది.

మనవైపు చదివేవాళ్ళలో పోలీసు కాల్పుల్లో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. ఇన్‌ఫార్మర్ అని నక్సలైట్ దళం మనిషిని చంపిన ఇళ్ళూ ఉన్నాయి. రెండో ఇంటివాళ్ళు నీ వ్యాసం చదివి, మా సంగతేమిటి అంటారు. ఆ ప్రశ్నని దాటెయ్యకు. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ గారి నాయకత్వంలో ఏర్పడిన పౌరస్పందన వేదికలో కన్నబిరాన్ గారూ ఉన్నారు. హింస గురించి ప్రభుత్వాన్నీ, నక్సలైట్లనీ ఇద్దర్నీ నిలదీసిన వేదిక అది. వాళ్ళిద్దరి మధ్య 2004లో జరిగిన చర్చల దాకా దారి వేసింది. ఇది లేకుండా రాస్తే సగం మనిషిని రాసినట్టే.

ఇక ఆయన వలస సంగతి. 1929లో మధురైలో పుట్టారు, నెల్లూరులో పెరిగారు, మద్రాసులో లా చదివారు, హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. ఇంటి భాష తమిళం. తన జీవితాన్ని మాత్రం తెలుగులోనే చెప్పుకున్నారు. నువ్వు 'పరాయివాడైనా మన కోసం పాటుపడ్డాడు' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాని విడి రాష్ట్రం చేసి గీత గీస్తే, కాలు కదపకుండానే మనం ఒరిస్సావాళ్ళం అయిపోయాం. పరాయి అన్న మాట మన నోట రాకూడదు. కోర్టులో ఎదుటివాడి భాష తెలియక వేలిముద్ర వేసే గిరిజనుడి కష్టం మనకి తెలిసినంతగా హైదరాబాద్‌లో రాసేవాళ్ళకి తెలియదు. వ్యాసంలో నీ సొంత చూపు కావాలంటే అక్కడ వెతుకు.

ఆయన పోయింది 2010 డిసెంబర్ 30న. నువ్వు 2011 అని వేశావు, దిద్దుకో.

పెద్దవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు ఒడియాలో చెప్పినవాళ్ళ మాటలు ముందు ఒడియాలోనే రాసుకో, తెలుగులోకి తేవడం తర్వాత చూద్దాం. పేరు వెయ్యొద్దన్నవాళ్ళ పేరు వెయ్యకు. రెండో ప్రతి కాగితానికి ఒకవైపే రాసి, అంచు బాగా వదిలి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు