అన్న మాత్ర మింగేటప్పుడు ఎవరైనా ఎదురుగా కూర్చోవాలా?

మీ అన్న నాలుగేళ్లుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. రోజూ వేసుకుంటున్నానని అంటాడు, అయినా ఈసారి వైరల్ లోడ్, అంటే మిల్లీలీటరు రక్తంలో వైరస్ లెక్క, 1000 దాటింది. టీబీ రోగులకు డాట్స్‌లో చేసినట్టు, మీ వీధి ఆశా కార్యకర్తకు చెప్పి రోజూ ఎదురుగా మింగించవచ్చా అని అడిగారు.

ఆయన ఒప్పుకోకుండా ఆశా కార్యకర్తకు చెప్పకండి. నమ్మి చెప్పిన హెచ్‌ఐవీ విషయాన్ని ఆ మనిషి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే చెబుతోంది. చట్టం అటుంచండి, వీధిలో ఒకరికి తెలిసిందన్న అనుమానం వస్తే చాలు, ఆయన మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లడమే మానేస్తాడు.

ఇక ఎదురుగా మింగించడం గురించి. నాతో రెండుసార్లు అలా మింగించారు. మొదటిసారి బెడిసికొట్టింది, రెండోసారి కుదిరింది.

నేను 2013లో మందులు మొదలుపెట్టాను. టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన ఒకే మాత్ర, పడుకునే ముందు వేసుకోవాలి. ఎఫావిరెంజ్ వాడినవాళ్లకు ఆ తలతిరుగుడు, ఆ కలలు గుర్తుండే ఉంటాయి. నాది పాల వ్యాను నడిపే పని, తెల్లవారుజామున మూడింటికి బండి తీయాలి. రాత్రి పదింటికి మాత్ర వేసుకుంటే స్టీరింగు దగ్గర మత్తు వదిలేది కాదు. అందుకని దూరం వెళ్లాల్సిన రోజుల్లో మానేసేవాణ్ని. సెంటరులో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు కాబట్టి, మానేసినవి ముందే పారేసి డబ్బా తీసుకెళ్లేవాణ్ని. లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉండేది! 2017లో సీడీ4, అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, మాత్రం 480 నుంచి 190కి పడిపోయింది.

అప్పుడు కౌన్సెలర్ నా భార్యను కాపలా పెట్టారు. రోజూ రాత్రి నీళ్ల గ్లాసుతో నిలబడేది, మింగాక నోరు తెరిచి చూపించమనేది. నేను మాత్రను బుగ్గన దాచి పెరట్లో అరటి చెట్టు మొదట్లో ఉమ్మేసేవాణ్ని. నెల తిరగకముందే ఆమె కనిపెట్టింది. ఆ తరువాత ఇద్దరికీ మాటలు లేవు. తప్పు ఆమెది కాదు. ఆమెకు భయం, నాకు పౌరుషం.

కొంతకాలానికి సెంటరుకు వేరే కౌన్సెలరమ్మ వచ్చారు. ఎన్ని మానేశావని ఆమె అడగలేదు, ఏయే రోజుల్లో మానేస్తావని అడిగారు. మూడింటి బండి సంగతి నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. డాక్టరుతో మాట్లాడి మాత్రను సాయంత్రం ఏడింటికి మార్పించారు. తరువాత, ఎవరి ముందు వేసుకుంటే నీకు చిన్నతనం అనిపించదని అడిగారు. మా బావ పేరు చెప్పాను. ఆయనకు నా విషయం మొదటినుంచీ తెలుసు, పైగా ఆయనకు బీపీ. ఏడింటికి వీడియో కాల్ చేసేవాడు, ఆయన మాత్ర ఆయన, నా మాత్ర నేను, ఒకేసారి. తరువాత క్రికెట్ కబుర్లు. మూడు నెలలకు పరీక్ష చేస్తే వైరల్ లోడ్ 1000 లోపుకు దిగింది.

డాట్స్‌తో పోల్చినప్పుడు ఒక తేడా మరిచిపోకండి. మామూలు టీబీ చికిత్స ఆరు నెలలు. ఆరు నెలలపాటు ఎవరైనా ఎదురుగా కూర్చుంటే ఓర్చుకోవచ్చు. హెచ్‌ఐవీ మందు జీవితాంతం ఉంటుంది, జీవితాంతం ఒకరి కాపలాలో ఎవరు బతుకుతారు? హైతీలోని కాంజ్ అనే పల్లె ప్రాంతంలో 1998 నుంచి ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి రోజూ ఇంటికి పంపి మందు వేయించారు, అది బాగా నడిచింది. అయితే వాళ్లు మాత్ర ఇచ్చి వెళ్లిపోయేవాళ్లు కాదు, ఆ ఇంటి కష్టసుఖాలూ చూసుకునేవాళ్లు. మరోవైపు, ఎదురుగా మింగించడంపై జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 2009లో లెక్క తీస్తే, తమంతట తాము వేసుకునేవాళ్లకంటే మెరుగేమీ తేలలేదు. నాకు ఇందులో వింత కనిపించదు. అరటి చెట్టు నాకు తెలుసు కదా.

కాబట్టి గడువు పెట్టుకోండి. వైరల్ లోడ్ 1000 దాటితే సాధారణంగా మూడు నెలలు గట్టిగా కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు. ఆ మూడు నెలలే చూడండి. ఎవరు చూడాలో మీ అన్ననే తేల్చుకోనివ్వండి, మీరు కాకపోతే నొచ్చుకోకండి. నెలలో రెండు మాత్రలు తప్పినా, వేసుకోవాల్సిన వాటిలో 95 శాతం కూడా వేసుకోనట్టే, కాబట్టి ఆ రెండు రోజులు ఏమిటో కనుక్కోవడం మీద దృష్టి పెట్టండి.

ఇంకొకటి, మీ అన్న నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇప్పుడు చాలామందికి ఇచ్చేది డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర. కడుపు మంటకు తాగే యాంటాసిడ్ సిరప్, ఐరన్, కాల్షియం మాత్రలు దానితో కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మోతాదే మార్చాలి. ఎవరు ఎదురుగా కూర్చున్నా ఇలాంటివి కనబడవు. ఈసారి సెంటరుకు వెళ్లేటప్పుడు ఆయన వాడే ప్రతి మందునూ, నాటు లేహ్యాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి.