తోట ముచ్చట్లు: పురుగు చెట్టు మీద కనిపిస్తుంది, పుట్టేది మాత్రం కుప్పలో

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న కాలంలోనే అండమాన్ వచ్చేశాం. ఫెరార్‌గంజ్ దగ్గర 60 కొబ్బరి చెట్లున్నాయి. ఈ ఏడాది కొత్తగా విచ్చుకున్న ఆకులన్నీ కత్తెర పెట్టి కోసినట్టు ఉంటున్నాయి. రెండేళ్ల మొక్కలు ఐదు మొవ్వ ఎండి చచ్చిపోయాయి. ఏ మందు కొట్టమంటారు? సైంటిస్టులు పురుగుకి వైరస్ ఎక్కించి తోటల్లో వదులుతారని ఎవరో చెప్పారు. అది మనుషులకీ ఆవులకీ అంటుకుంటుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.
– ఒక రైతు, దక్షిణ అండమాన్

జవాబు: తమ్ముడూ, మీరు రాసిన గుర్తులు చూస్తే అది కొమ్ము పురుగే. రాత్రిపూట ఎగిరొచ్చి, ఇంకా విచ్చుకోని మొవ్వలోకి దూరి లేత ఆకును నములుతుంది. మడత పెట్టిన కాగితాన్ని ఒక్కచోట కత్తిరించి విప్పితే ఎలా ఉంటుందో, ఆ ఆకు విచ్చుకున్నాక అలాగే కనిపిస్తుంది. అంటే ఇవాళ మీరు చూస్తున్న కోత ఎప్పుడో పడింది. ఆ ఆకు మీద ఇప్పుడు ఏ మందు కొట్టినా డబ్బు దండగే.

చచ్చిపోయిన ఐదు మొక్కల్ని మాత్రం ఒకసారి పరీక్షగా చూడండి. మట్టల మొదట్లో కన్నం, కన్నం నోట్లో నమిలేసిన పీచు ఉంటే కొమ్ము పురుగు పని. మొవ్వాకు పట్టుకుని లాగగానే ఊడొచ్చి, అడుగున కుళ్లు కంపు కొడితే అది మొవ్వుకుళ్లు తెగులు. మీ దగ్గర వానలు ఎక్కువ కాబట్టి ఇదీ తరచుగా వస్తుంది. అలాంటి మొక్క ఇంకా బతికే ఉంటే కుళ్లిన భాగమంతా కోసేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. రెంటికీ వైద్యం వేరు కనుక ముందు ఇది తేల్చుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. కొమ్ము పురుగు కొబ్బరి చెట్టు మీద పుట్టదు. పెంటకుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దులో, తడిసి మెత్తబడిన రంపపు పొట్టులో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన తెల్లటి లావుపాటి పిల్ల పురుగులు అక్కడే నెలల తరబడి పెరుగుతాయి. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేసరికి సుమారు అయిదారు నెలలు పడుతుంది. అన్ని నెలలూ అది మీ పెరట్లో, మీ చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది. మనమేమో అది చెట్టెక్కేదాకా ఆగి, అప్పుడు నలభై అడుగుల ఎత్తున దాన్ని వెతుకుతాం.

1996 నవంబరు తుపాను తర్వాత నేను కోనసీమలో పనిచేశాను. అప్పటికి ఉద్యోగంలో చేరి కొద్దికాలమే అయింది. పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య నడవడానికి దారి ఉండేది కాదు. అందరం కొత్త మొక్కలు నాటించే హడావిడిలో పడ్డాం. పడిన మొద్దుల్ని తీయించే పని వెనకబడింది. తర్వాత ఒక పెద్దాయన నన్ను తన చేలోకి తీసుకెళ్లి గొడ్డలితో ఒక మొద్దును చీల్చి చూపించారు. లోపల నాలుగైదు కాదు, దోసిళ్లకొద్దీ పిల్ల పురుగులు. పక్కనే మేం ఇచ్చిన మొక్కలు, సగానికి సగం మొవ్వ తెగిపోయి ఉన్నాయి. ఆయన కోప్పడలేదు. “మొక్కలిచ్చారమ్మా, దీని సంగతి ఎవరూ చెప్పలేదు” అన్నారంతే. ఆ రోజు నుంచి ఏ తోటకి వెళ్లినా ముందు నేల మీద ఏముందో చూస్తాను. ఆ తర్వాతే తలెత్తి చెట్టు చూస్తాను.

మీరూ ఈ ఆదివారం అదే చేయండి. పడిపోయిన చెట్లు, నరికాక మిగిలిన మోళ్లు ఉంటే చీల్చి ఎండబెట్టి తగలబెట్టండి. పెంటకుప్పను రెండు మూడు నెలలకోసారి తిరగేయండి. తిరగేసేటప్పుడు కోళ్లను వదిలితే ఒక్క పురుగును కూడా మిగల్చవు. తిరగేయడం కుదరని పెద్ద కుప్ప ఉంటే దాంట్లో మెటారైజియం కలపండి. ఇది పురుగును పట్టి చంపే ఆకుపచ్చ బూజు. తడి ఉన్నచోట బాగా పనిచేస్తుంది కాబట్టి మీ వాతావరణానికి సరిగ్గా సరిపోతుంది. చచ్చిన పురుగు మొదట తెల్లగా బిగుసుకుపోయి, తర్వాత పచ్చటి పొడి పూసినట్టు అవుతుంది. అలాంటివి కనిపిస్తే పారేయకుండా కుప్పలోనే ఉంచండి, మిగతావాటికీ అంటుకుంటుంది.

చెట్టు మీద చేయాల్సింది కొంచెమే. కాయలు దింపేవాళ్లతో ఇనుప కొక్కెం పంపి, కన్నంలో ఉన్న పురుగును బయటికి లాగించండి. పై మూడు మట్టల సందుల్లో, చెట్టుకు 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి వేయించండి. వానలకు ముందు ఒకసారి, సెప్టెంబరు–అక్టోబరులో ఒకసారి, డిసెంబరు–జనవరిలో ఒకసారి. మీ 60 చెట్లకు ఒక్కో విడతకు 15 కిలోల పిండి అవుతుంది. ముందు చిన్న మొక్కలకు వేయండి. పెద్ద చెట్టు నాలుగు ఆకులు పోయినా తట్టుకుంటుంది, మొక్క తట్టుకోదు. పైగా ఈ పురుగు చేసిన గాయంలోంచే ఎర్రముక్కు పురుగు లోపలికి చేరుతుంది. అది చేరితే చెట్టు దక్కడం చాలా కష్టం.

ఇక వైరస్ గురించి. ఇంట్లో వాళ్లకు ధైర్యం చెప్పండి. అది కొమ్ము పురుగుకీ దాని దగ్గరి చుట్టాలకీ మాత్రమే వచ్చే జబ్బు. మనుషులకూ పశువులకూ రాదు. దీన్ని 1963లో ఆలోయిస్ హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మలేషియాలో, జబ్బుపడిన పురుగుల్లో కనిపెట్టారు. పసిఫిక్‌లోని సమోవా దీవులకు ఈ పురుగు 1909 ప్రాంతంలో సిలోన్ (శ్రీలంక) నుంచి వచ్చిన రబ్బరు మొక్కల వెంట చేరి, దశాబ్దాల పాటు కొబ్బరిని పీల్చి పిప్పి చేసింది. 1967లో అక్కడ ఈ వైరస్ వదిలారు. కొన్నేళ్లలోనే చెట్లు మళ్లీ నిండుగా ఆకులు వేశాయి. జబ్బు సోకిన రెక్కల పురుగు వెంటనే చావదు. తిండి తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి, అయినా కుప్ప నుంచి కుప్పకు ఎగురుతూ మిగతావాటికి జబ్బు పంచుతూ పోతుంది. మనం పంపలేని చోటికి కూడా ఆ పురుగే మందు మోసుకెళ్తుందన్నమాట. మన దేశంలో లక్షద్వీప్‌లోని మినికాయ్‌లోనూ, తర్వాత మీ అండమాన్‌లోనూ దీన్ని వదిలి చూశారు, నిలదొక్కుకుంది. దీవి కావడం ఇక్కడ కలిసొస్తుంది. చుట్టూ సముద్రమే కాబట్టి బయటి నుంచి కొత్త పురుగులు ఊరికే వచ్చి చేరవు.

కానీ వైరస్ ఉంది కదా అని కుప్పల్ని వదిలేయకండి. 2007లో పసిఫిక్‌లోని గ్వామ్ దీవిలో కొమ్ము పురుగు కనిపించినప్పుడు అదే వైరస్ వాడారు, పనిచేయలేదు. ఆ పాత వైరస్‌కు లొంగని రకం పురుగు అది. తర్వాత హవాయికీ సాలమన్ దీవులకూ పాకింది. అందుకే మీకు చేతులు జోడించి చెబుతున్నాను: మెయిన్‌లాండ్ నుంచి వచ్చేటప్పుడు ఊరి మీద మమకారంతో కొబ్బరి మొక్కలు, మట్టి, ఎరువు ఓడలో తేవద్దు. మొక్కలు కావాలంటే గారచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థలో అడగండి. మీ నేలకు సరిపడే రకాలను అక్కడే తయారుచేశారు. వైరస్, మెటారైజియం సంగతి కూడా వాళ్లనే కనుక్కోండి. వెళ్లేటప్పుడు పట్టుకున్న నాలుగు పురుగుల్ని సీసాలో తీసుకెళ్లండి.

ప్రశ్న: మేడమ్, పోర్ట్‌బ్లెయిర్‌లో మా పెరట్లో పిడికెడంత నత్తలు బొప్పాయి నారును రాత్రికి రాత్రే తినేస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, అది ఆఫ్రికా నత్త. జపాన్ సైన్యం అండమాన్‌ను ఆక్రమించినప్పుడు వచ్చిందని అక్కడి పెద్దలు చెబుతారు. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ తొక్కలు పెట్టండి. పొద్దున్నే తీసి చూస్తే అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఉప్పునీళ్ల బకెట్లో వేసి, చచ్చాక గొయ్యి తీసి పూడ్చండి. ఒట్టి చేతులతో మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వద్దు. మెదడుకు జబ్బు తెచ్చే పరాన్నజీవి వాటిలో ఉండొచ్చు. నత్తల్ని చంపే మందు గుళికలు వేద్దామనుకుంటే, ఇంట్లో కుక్కలూ కోళ్లూ ఉంటే మానుకోండి.

ప్రశ్న: ఫిజీలో ఒక ఈగను తెచ్చి కొబ్బరి పురుగును పూర్తిగా మాయం చేశారని చదివాను. మా అంబాజీపేట వైపు తెల్లదోమకు అలాంటి ఈగను ఎందుకు తేరు?
– ఒక డిగ్రీ విద్యార్థి, కోనసీమ

జవాబు: బాబూ, నువ్వు చదివింది నిజమే. అది లెవువానా అనే చిన్న రెక్కల పురుగు. దాని గొంగళ్లు ఆకు అడుగున గీరి తినేసేవి. ఫిజీలోని పెద్ద దీవి వీటీ లేవులో దాని వల్ల కొబ్బరి పండడమే గగనమైపోయింది. 1925లో టోతిల్ అనే శాస్త్రవేత్త బృందం మలయా (ఇప్పటి మలేషియా) నుంచి ఒక ఈగను తెచ్చింది. దారిలో చచ్చినవి పోగా ఫిజీ రాజధాని సువా చేరినవి మూడు వందల పైచిలుకే. ఆ ఈగ గొంగళి మీద గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు గొంగళిని లోపల్నుంచి తినేస్తాయి. నాలుగేళ్లు తిరిగేసరికి లెవువానా వెతికినా దొరకనంత తగ్గిపోయింది. ఆ తర్వాత పూర్తిగా అంతరించింది. ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లిన గిర్మిట్ (ఒప్పంద) కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కొబ్బరి చెట్లు అలా వట్టిపోవడాన్ని కళ్లారా చూసినవాళ్లు వాళ్లలోనూ ఉండి ఉంటారు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే ముక్క ఒకటుంది. ఆ ఈగ ఫిజీలోని ఇతర రెక్కల పురుగుల్ని కూడా పట్టింది. లెవువానా ఆ దీవికి బయటి నుంచి వచ్చిందా, అక్కడిదేనా అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. అక్కడిదే అయితే ఒక జీవజాతిని మనిషే చేతులారా తుడిచేసినట్టు. అందుకే ఇవాళ ఏ దేశమైనా బయటి జీవిని తేవాలంటే ఏళ్ల తరబడి పరీక్షిస్తుంది. అది ఆలస్యమని రైతుకు కోపం వస్తుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ పరీక్ష ఉండాల్సిందే.

మీ తెల్లదోమ విషయంలో అదృష్టం ఏమిటంటే, దాన్ని తినే జీవి అడక్కుండానే వచ్చేసింది. సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించింది. ఎన్‌కార్సియా అనే ఆవగింజలో సగం కూడా లేని కందిరీగ దాని వెనకే చేరి, ఇప్పుడు తోటల్లో తనంత తానే పనిచేస్తోంది. ఆకు తిప్పి చూడు. తెల్లటి దోమ పిల్లల మధ్య నల్లబడినవి ఉంటే వాటి లోపల ఈ కందిరీగ పెరుగుతోందని అర్థం. అలాంటి తోటలో రసాయనం కొడితే ముందు చచ్చేది కందిరీగే. ఆకు నల్లమసి పట్టిందని కంగారుపడి మందు కొట్టిన తోటల్లో దోమ మళ్లీ విజృంభించడం నేనే చూశాను. దోమ మరీ ఎక్కువగా ఉంటే మోటారు పెట్టి నీళ్లను బలంగా ఆకు అడుగుకు కొట్టించండి. ఐసేరియా అనే శిలీంధ్రాన్ని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోనే తయారుచేసి ఇస్తారు. మీ ఇంటికి దగ్గరే కదా, ఒక నల్లబడ్డ ఆకు ముక్క పట్టుకుని వెళ్లు. మైక్రోస్కోపు కింద ఆ కందిరీగ బయటికొచ్చిన కన్నాన్ని చూపించమని అడుగు, చూపిస్తారు.